56కే మోడెమ్ కొనే ముందు, ఫైల్ ఎక్కడ ఆగుతోందో చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. దూరంగా ఉన్న స్టేషన్ కంప్యూటర్ నుంచి రోజూ సుమారు 2 ఎంబీ జిప్ ఫైల్ ఒకటి తెచ్చుకోవాలి. రెండు చివర్లా మామూలు ఫోన్ లైన్లు, ఎక్స్‌టర్నల్ మోడెమ్‌లు. కనెక్ట్ అయినప్పుడు 33600 (సెకనుకు ఇన్ని బిట్లు) అని వస్తోంది. కానీ ఎక్స్‌మోడెమ్ అనే ఫైల్ పంపే ప్రోటోకాల్‌తో దించుకుంటే సెకనుకు 700 బైట్లు దాటడం లేదు, మొత్తం 50 నిమిషాలు పడుతోంది. మధ్యలో లైన్ తెగితే మళ్లీ మొదటి నుంచి. మోడెమ్ కంప్రెషన్ వల్ల లాభం ఉందా, రెండు వైపులా 56కే (సెకనుకు 56 కిలోబిట్ల) మోడెమ్‌లు పెడితే బాగుపడుతుందా అని అడిగారు.

బాగుపడదు, కొనకండి. మీరు ఇచ్చిన అంకెలను బట్టి చూస్తే లోపం లైన్‌లో లేదు, మోడెమ్‌లో లేదు, ఎక్స్‌మోడెమ్‌లో ఉంది. జెడ్‌మోడెమ్ అనే ఇంకో ప్రోటోకాల్‌కి మారండి. అవే మోడెమ్‌లతో, అదే లైన్ మీద ఆ ఫైల్ సుమారు 10 నిమిషాల్లో రావాలి. ఫోన్ లైన్ల మీద ఫీల్డ్ పరికరాల డేటా తెచ్చే పని నేను చాలా ఏళ్లు చేశాను. "లైన్ స్లో" అని వచ్చిన ఫిర్యాదుల్లో నిజంగా లైన్ వల్ల వచ్చినవి సగం కూడా లేవు. ఎక్కువ భాగం ఎవరో ఒకరు ఎవరి కోసమో ఎదురుచూస్తూ కూర్చోవడం వల్ల వచ్చినవే.

ఎక్స్‌మోడెమ్‌ని వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో రాశారు. అప్పటి మోడెమ్‌లు సెకనుకు 300 బిట్లు పంపేవి. ఫైల్‌ని 128 బైట్ల ముక్కలు చేస్తుంది. ఒక ముక్క పంపుతుంది, "అందింది" అని అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ఆగుతుంది, ఆ తర్వాతే రెండోది పంపుతుంది. 300 బిట్ల రోజుల్లో ఒక ముక్క వెళ్లడానికే నాలుగు సెకన్లు పైగా పట్టేది, కాబట్టి జవాబు కోసం ఆగే క్షణం లెక్కలోకి వచ్చేది కాదు. ఇప్పుడు మీ దగ్గర పరిస్థితి తిరగబడింది. వీ.34 (33600 దాకా వెళ్లే ప్రమాణం) మోడెమ్ ఎర్రర్ కరెక్షన్ ఆన్‌లో ఉంటే డేటాని పోగుచేసి, ఫ్రేమ్‌లుగా కట్టి, సరిచూసి పంపుతుంది. పోయి రావడానికి 150 మిల్లీసెకన్లు అటూ ఇటూ పట్టడం మామూలు.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 2 ఎంబీ అంటే 128 బైట్ల ముక్కలు 16,384. ఒక్కో ముక్కకి 150 మిల్లీసెకన్లు ఆగితే మొత్తం 41 నిమిషాలు. మీ 50 నిమిషాల్లో 41 నిమిషాలు లైన్ ఖాళీగా ఉంది! ఫైల్ కదిలింది మిగిలిన 9 నిమిషాలే. 56కే మోడెమ్ పెట్టి ఆ 9ని తగ్గించగలిగినా 41 అలాగే ఉంటుంది.

జెడ్‌మోడెమ్‌ని చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో తయారు చేశారు. అది టెలినెట్ అనే ప్యాకెట్ నెట్‌వర్క్ కోసం చేసిన పని. ఆ నెట్‌వర్క్‌లో జవాబు రావడానికి చాలా ఆలస్యం అయ్యేది, అంటే సరిగ్గా మీ సమస్యే. ఇది ముక్కకో జవాబు అడగదు. ఆగకుండా పంపుతూ పోతుంది, తప్పు వస్తే అవతలి వైపు "ఫలానా బైటు దగ్గర్నుంచి మళ్లీ పంపు" అంటుంది. 32 బిట్ల సీఆర్‌సీ (తప్పుల్ని పట్టే లెక్క) ఉంది కాబట్టి తప్పు దొరక్కుండా జారిపోవడం చాలా అరుదు. మీ రెండో బాధకి మందు కూడా ఇందులోనే ఉంది. లైన్ తెగితే మళ్లీ డయల్ చేసి అదే ఫైల్ అడగండి, వచ్చినంత వరకు అలాగే ఉంచి అక్కడి నుంచి మొదలుపెడుతుంది. దీన్ని క్రాష్ రికవరీ అంటారు. చాలా టెర్మినల్ ప్రోగ్రామ్‌లలో ఆ ఆప్షన్‌ని మనమే ఆన్ చేయాలి, మరిచిపోకండి.

అవతలి పరికరానికి ఎక్స్‌మోడెమ్ తప్ప ఇంకేమీ రాదంటే ఎక్స్‌మోడెమ్-1కే ఉందేమో చూడండి. ముక్క 1,024 బైట్లు అవుతుంది, ఎదురుచూపులు ఎనిమిదో వంతుకి పడిపోతాయి, 50 నిమిషాలు 14, 15కి దిగుతాయి. వైమోడెమ్-జీ ఇంకా వేగమే, కానీ ఒక్క తప్పు వచ్చినా మొత్తం ట్రాన్స్‌ఫర్ వదిలేస్తుంది. ఎవరూ చూడని రాత్రి పూట నడిచే పనికి నేను దాన్ని పెట్టను. కెర్మిట్ గురించి ఒక మాట. 1981లో కొలంబియా యూనివర్సిటీలో పుట్టిన ఈ ప్రోటోకాల్ నెమ్మది అని చెడ్డపేరు ఉంది. ఆ పేరు రావడానికి కారణం దాని పాత డిఫాల్ట్ సెట్టింగులు: 94 బైట్ల చిన్న ప్యాకెట్లు, ఒక్కోదానికి ఒక్కో జవాబు. ప్యాకెట్ సైజు పెంచి, స్లైడింగ్ విండోస్ (జవాబు రాకముందే తర్వాతి ప్యాకెట్లు పంపడం) ఆన్ చేస్తే కెర్మిట్ జెడ్‌మోడెమ్ పక్కన నిలబడుతుంది. మొండి పరికరాలతో జెడ్‌మోడెమ్ కన్నా బాగా సర్దుకుపోతుంది కూడా.

ఇక 56కే సంగతి. డబ్బు ఖర్చయ్యాక తెలిసే విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 56కే మోడెమ్‌ల ప్రమాణమైన వీ.90లో 56 కిలోబిట్లు రావాలంటే ఒక చివర టెలిఫోన్ నెట్‌వర్క్‌కి డిజిటల్‌గా కలిసి ఉండాలి. ఇంటర్నెట్ సర్వీస్ ఇచ్చేవాళ్ల దగ్గర అలాంటి లైన్లు ఉండేవి, అందుకే వాళ్ల నుంచి మన వైపుకి ఆ వేగం వచ్చేది. రెండు చివర్లా మామూలు లైన్లు ఉంటే సిగ్నల్ ఏ దిశలో వెళ్లినా దారిలో అనలాగ్ నుంచి డిజిటల్‌లోకి మారాలి. ఆ మార్పులో కొంత నాయిస్ చేరుతుంది. అప్పుడు 56కే మోడెమ్‌లు రెండూ మర్యాదగా వీ.34కి దిగి 33600 దగ్గరే మాట్లాడుకుంటాయి. అంటే మీరిప్పుడు ఉన్నదే మీ లైన్లకి గరిష్ఠం.

జెడ్‌మోడెమ్‌కి మారాక ఎంత రావాలో ఒక తేలిక లెక్క ఉంది. కనెక్ట్ స్పీడ్‌ని 10తో భాగించండి. 33600కి సెకనుకు 3,360 బైట్లు. జిప్ ఫైల్‌కి అంత వచ్చినా, ఇంకొంచెం ఎక్కువ వచ్చినా మీ సెట్టింగులు బాగున్నట్టే, ఇంక దేన్నీ ముట్టుకోకండి. 8తో భాగిస్తే వచ్చే 4,200 కాగితం మీది లెక్క, అందులోంచి ఫ్రేమ్‌ల ఖర్చు పోవాలి. ఇంకో జాగ్రత్త: కొన్ని మోడెమ్‌లు కనెక్ట్ అయినప్పుడు 115200 లాంటి అంకె చూపిస్తాయి. అది మీ కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య ఉన్న పోర్ట్ వేగం. ఫోన్ లైన్ మీది వేగం కాదు. దాన్ని 10తో భాగించి టెన్షన్ పడిన వాళ్లని చాలామందిని చూశాను.

10తో భాగించిన లెక్కకి బాగా తక్కువగా వస్తే, మొదట చూడాల్సింది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య ఉన్న అడుగు పొడవు కేబుల్. చాలామంది ఫోన్ లైన్‌ని అనుమానించి నెలలు పోగొట్టుకుంటారు, ఈ కేబుల్ వైపు చూడరు.

ఇక్కడ నేను వాడే గుర్తు ఒకటి ఉంది. మోడెమ్‌ల మధ్య వీ.42 ఎర్రర్ కరెక్షన్ నడుస్తుంటే లైన్ మీద పాడైన ఫ్రేమ్‌ని మోడెమ్‌లే మళ్లీ పంపించుకుంటాయి. ఆ తప్పు జెడ్‌మోడెమ్ దాకా రాదు. కాబట్టి ఎర్రర్ కరెక్షన్ ఆన్‌లో ఉండి కూడా జెడ్‌మోడెమ్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు కనిపిస్తుంటే, బైట్లు పోతున్నది ఫోన్ లైన్‌లో కాదు, మోడెమ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య. లైన్ బాగాలేకపోతే ఎర్రర్లు కనిపించవు, ట్రాన్స్‌ఫర్ ఆగి ఆగి నడుస్తుంది. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఆ కేబుల్ దగ్గర మూడు విషయాలు చూడండి.

పోర్ట్ వేగాన్ని 115200కి పెట్టండి. కనెక్ట్ స్పీడ్ 33600 కదా అని పోర్ట్‌ని కూడా 38400కి కట్టేస్తే జిప్ ఫైల్‌కి నడుస్తుంది, కానీ మోడెమ్ కంప్రెస్ చేయగలిగే టెక్స్ట్‌కి పోర్టే అడ్డం పడుతుంది.

ఫ్లో కంట్రోల్ (ఒక వైపు అందుకోలేకపోతే రెండో వైపుని ఆపే ఏర్పాటు) హార్డ్‌వేర్‌ది, అంటే కేబుల్‌లో ఆర్‌టీఎస్, సీటీఎస్ అనే రెండు విడి తీగలతో నడిచేది, ఉండాలి. నాలుగు చోట్లా: ఇక్కడి ప్రోగ్రామ్‌లో, ఇక్కడి మోడెమ్‌లో, అక్కడి కంప్యూటర్‌లో, అక్కడి మోడెమ్‌లో. ఎక్స్‌ఆన్/ఎక్స్‌ఆఫ్ పద్ధతిలో "ఆగు", "సాగు" అనే మాటలు డేటాలోనే రెండు మామూలు బైట్లుగా వెళ్తాయి. జిప్ ఫైల్‌లో ఆ బైట్లు ఎలాగూ ఉంటాయి. వాటిని చూసి మోడెమ్ ఎవరో ఆగమన్నారనుకుని ఆగిపోతుంది. ఒక స్టేషన్ నుంచి వచ్చే ఒక ఫైల్ ఎన్నిసార్లు దించినా సరిగ్గా ఒకే బైటు దగ్గర ఆగిపోయేది. రెండు వారాలు లైన్‌మన్ చుట్టూ తిరిగాం. లైన్ నాయిస్ ప్రతిసారీ ఒకే చోట రాదు కదా అన్న ఆలోచన రావడానికి నాకు అన్నాళ్లు పట్టింది. అక్కడి మోడెమ్‌లో ఫ్లో కంట్రోల్ ఎక్స్‌ఆన్/ఎక్స్‌ఆఫ్‌లో ఉండిపోయింది. మార్చిన రోజే ఫైల్ పూర్తిగా వచ్చింది. మీకు ఎప్పుడైనా ఒకే ఫైల్ ఒకే చోట చచ్చిపోతుంటే ముందు ఇదే చూడండి. కేబుల్‌లో ఆ రెండు తీగలు నిజంగా ఉన్నాయా అనేది కూడా. మూడు తీగల కేబుల్‌తో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పని చేయదు.

మూడోది యూఏఆర్‌టీ, అంటే కంప్యూటర్‌లో సీరియల్ పోర్ట్‌ని నడిపే చిప్. స్టేషన్ కంప్యూటర్ బాగా పాతదైతే అందులో 8250 లేదా 16450 ఉండొచ్చు. అవి అందుకున్న బైటుని ఒక్కదాన్నే పట్టుకోగలవు. 115200 దగ్గర సుమారు 87 మైక్రోసెకన్లకి ఒక బైటు వస్తుంది. ఆలోగా ప్రాసెసర్ వచ్చి తీసుకోకపోతే తర్వాతి బైటు దాని మీద పడి మొదటిది పోతుంది. 16550ఏలో 16 బైట్ల ఫిఫో (తాత్కాలిక నిల్వ) ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. పాత చిప్ మార్చే వీలు లేకపోతే ఆ ఒక్క కంప్యూటర్ వైపు పోర్ట్ వేగాన్ని 38400కి తగ్గించండి. మీది జిప్ ఫైల్ కాబట్టి నష్టం పెద్దగా ఉండదు.

ఇప్పుడు లైన్. మోడెమ్ చూపించే కనెక్ట్ స్పీడ్ మొదటి క్షణానిది మాత్రమే. ఆ తర్వాత లైన్‌లో చప్పుడు వస్తే రెండు మోడెమ్‌లూ డేటా ఆపి, మళ్లీ లైన్‌ని కొలుచుకుని, కొత్త వేగానికి ఒప్పుకుంటాయి. దీన్ని రీట్రెయిన్ అంటారు. ఒక్కోసారి చాలా సెకన్లు తినేస్తుంది. అది ముగిశాక మళ్లీ పైవేగానికి ఎగబాకాలని చూస్తాయి, మళ్లీ పడతాయి. ట్రాన్స్‌ఫర్ ఆగి ఆగి నడవడానికి ఇదే కారణం.

మందు వినడానికి వింతగా ఉంటుంది: గరిష్ఠ వేగాన్ని మీరే తగ్గించండి. వీ.34లో వేగాలు 2,400 మెట్లతో ఉంటాయి: 33600, 31200, 28800, 26400, 24000 అలా. ఒక స్టేషన్‌లో 31200తో కనెక్ట్ అయి కాల్‌కి ఏడెనిమిది రీట్రెయిన్‌లు వచ్చేవి. 26400 దాటకుండా కట్టేశాను. రీట్రెయిన్‌లు పోయాయి, ఫైల్ దాదాపు సగం సమయంలో వచ్చింది. ఒక్కో మెట్టు దిగుతూ, ఒక్కో దగ్గర మూడు నాలుగు కాల్స్ చేసి మొత్తం సమయం రాసుకోండి. స్పీడ్ అంకె చూడకండి, గడియారం చూడండి. వేగాన్ని కట్టేసే ఏటీ కమాండ్ (మోడెమ్‌కి టైప్ చేసే ఆదేశం) చిప్‌సెట్‌ని బట్టి మారుతుంది, కాబట్టి మీ మోడెమ్ మాన్యువల్‌లోదే వాడండి. వేరే మోడెమ్ కోసం ఎవరో రాసిన పొడవైన ఇనిషియలైజేషన్ స్ట్రింగ్‌ని (అలాంటి ఆదేశాల వరసని) తెచ్చి అతికించొద్దు. ఫ్యాక్టరీ సెట్టింగుకి వెళ్లి, అవసరమైన ఒకటి రెండు మార్పులు మాత్రమే చేయండి. కాల్ అయ్యాక లైన్ గణాంకాలు చూపించే కమాండ్ కూడా చాలా మోడెమ్‌లలో ఉంటుంది. ఎన్ని రీట్రెయిన్‌లు, ఎన్ని ఫ్రేమ్‌లు మళ్లీ వెళ్లాయి అన్నది అందులో తెలుస్తుంది. ఊహల కన్నా అది వెయ్యి రెట్లు నయం.

వేగం తగ్గించే ముందు వైరింగ్ కూడా చూడాలి. భవనంలోకి లైన్ వచ్చే చోటే మోడెమ్‌ని నేరుగా పెట్టి ఒక కాల్ చేయండి. అక్కడ బాగుండి, లోపల బాగాలేకపోతే తప్పు మీ వైరింగ్‌ది. సమాంతరంగా ఉన్న ఫోన్‌లు, ఆన్సరింగ్ మెషీన్, చౌక సర్జ్ ప్రొటెక్టర్, కరెంటు తీగల పక్కనే పాకిన టెలిఫోన్ తీగ, ఇవన్నీ తీసి చూడండి. ఎప్పుడో తీసేసిన ఎక్స్‌టెన్షన్ తాలూకు తీగ గోడలో అలాగే వేలాడుతుంటే అది కూడా సిగ్నల్‌ని దెబ్బతీస్తుంది. అలాంటి తీగ ఒకటి విప్పేసినందుకే ఒక చోట 24000 నుంచి 31200కి ఎక్కడం చూశాను. కాల్ వెయిటింగ్ ఉంటే ఆపించండి. ఆ బీప్ చాలు, కనెక్షన్ తెగడానికి.

మీరు రాయలేదు కానీ తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: ఆ లైన్ నిజంగా రాగి తీగ లైనేనా? ఇప్పుడు చాలా చోట్ల గోడకి ఫోన్ సాకెట్ పాతదే ఉంటుంది, వెనక ఇంటర్నెట్ ఫోన్ డబ్బా ఉంటుంది. అది మాటని ప్యాకెట్లుగా పంపుతుంది. ఒక ప్యాకెట్ పోతే మనిషి చెవికి తెలియదు, మోడెమ్‌కి మాత్రం 20 మిల్లీసెకన్ల మేర నేల జారిపోయినట్టే. మీకు 33600 వస్తోంది కాబట్టి ప్రస్తుతానికి రెండు వైపులా బాగానే ఉన్నట్టు అనిపిస్తోంది. రేపు ఎవరైనా లైన్ మార్చి "ఫోన్ పని చేస్తోంది కదా" అంటే మాత్రం కోడెక్ (మాటని డిజిటల్‌గా మార్చే పద్ధతి) జీ.711 ఉందో లేదో అడగండి. జీ.729 ఉంటే మోడెమ్ సిగ్నల్ బతకదు, ఎందుకంటే అది మనిషి గొంతుకి తగ్గట్టు 8 కిలోబిట్లకి కుదించే పద్ధతి. సైలెన్స్ సప్రెషన్ (నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ప్యాకెట్లు ఆపేయడం) తీసేయించండి, జిట్టర్ బఫర్‌ని (వెనకా ముందూ వచ్చే ప్యాకెట్లని సర్దే నిల్వని) మారకుండా స్థిరంగా పెట్టించండి. టీ.38 ఉందని ఎవరైనా భరోసా ఇస్తే అది ఫ్యాక్స్ కోసం, మోడెమ్ డేటాకి పనికిరాదు. అలాంటి లైన్ల మీద నేను 14400 లేదా 9600కి కట్టేసి ఊరుకుంటాను. నెమ్మదే, కానీ ఫైల్ చేరుతుంది.

కంప్రెషన్ గురించి కూడా అడిగారు. మోడెమ్‌లోని వీ.42 బిస్ అనే కంప్రెషన్ బాగా కుదిరిన డేటాని 4:1 దాకా కుదించగలదు. మీది ముందే జిప్ చేసింది కాబట్టి దానికి చేయడానికేమీ మిగలదు. అలాంటి డేటా వస్తే అది కుదించడం ఆపేసి ఉన్నది ఉన్నట్టు పంపుతుంది కాబట్టి ఆన్‌లో ఉంచినా నష్టం లేదు. ఎంఎన్‌పీ5 అనే పాత కంప్రెషన్ మాత్రం అలా చేయదు, జిప్ ఫైల్‌ని ఇంకా పెంచి పంపుతుంది. కనెక్ట్ అయినప్పుడు ఎంఎన్‌పీ5 అని కనిపిస్తే దాన్ని ఆపేయండి. మొత్తం మీద మీరు చేస్తున్నదే సరైన పద్ధతి: స్టేషన్‌లోనే జిప్ చేసి పంపడం మోడెమ్ కంప్రెషన్ కన్నా ఎప్పుడూ మేలు.

ఇవన్నీ అయ్యాక కూడా నేనైతే అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ 2 ఎంబీలో రోజూ కొత్తగా చేరేది ఎంత? నిన్నటి దాకా ఉన్న రికార్డులన్నీ కలిపి రోజూ కొత్తగా జిప్ చేస్తుంటే, మీ దగ్గర ఇప్పటికే ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ తెచ్చుకుంటున్నారన్నమాట. ఏ రోజుది ఆ రోజు విడి ఫైల్‌గా రాయించి, దాన్ని మాత్రం జిప్ చేసి తెచ్చుకోండి. కాల్ ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతే లైన్ తెగే భయం కూడా ఉండదు. ఎప్పుడైనా పీపీపీ (ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ ప్రోటోకాల్‌ని నడిపే పద్ధతి) పెట్టి టీసీపీ/ఐపీ మీదకి మారితే ఆర్‌సింక్ వాడండి. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో బయటికి తెచ్చిన పద్ధతి అది, మారిన భాగాన్ని మాత్రమే పంపుతుంది. అయితే దానికి జిప్ ఫైల్ ఇవ్వకండి. మొదట్లో చిన్న మార్పు జరిగినా తర్వాతి జిప్ డేటా అంతా మారిపోతుంది, ఆర్‌సింక్‌కి పోలిక దొరకదు. జిప్ చేయని ఫైల్ ఇచ్చి, కంప్రెషన్‌ని ఆర్‌సింక్‌నే చేసుకోనివ్వండి. అలా పీపీపీకి వెళ్తే హెడర్ కంప్రెషన్ ఆన్‌లో ఉంచండి, ప్రతి ప్యాకెట్ ముందు ఉండే 40 బైట్ల హెడర్ మూడు నుంచి ఐదు బైట్లకి దిగుతుంది. చిన్న ఫైళ్లు వందలకొద్దీ ఉంటే ఒకే ఆర్కైవ్‌గా కట్టండి, లేకపోతే ఫైల్ ఫైల్‌కీ ఎదురుచూపు మళ్లీ మొదలవుతుంది. ఈమెయిల్ అటాచ్‌మెంట్‌గా మాత్రం పంపించొద్దు, బేస్64 (ఫైల్‌ని మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి) వల్ల ఫైల్ మూడో వంతు పెరుగుతుంది.

ముందు ఇంకేదీ మార్చకుండా జెడ్‌మోడెమ్‌కి మాత్రం మారి మూడు రోజులు చూడండి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పని చేసిందో తెలియదు. సెకనుకు వచ్చిన బైట్లు, సీఆర్‌సీ ఎర్రర్ల సంఖ్య, మోడెమ్ చెప్పిన రీట్రెయిన్‌ల సంఖ్య ఇక్కడ రాయండి, మిగతాది ఆ అంకెలు చూసి చెబుతాను.